ఎన్ని నిమిషాలైంది మాస్టారూ?



మా పంపు మాస్టారి అసలు పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రిక మీద ఉంది. ఆపరేషన్ థియేటర్లో ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు లేరు. సర్జన్ల దగ్గర్నుంచి వార్డు బాయ్ దాకా అందరికీ ఆయన పంపు మాస్టారే. గుండె ఆపరేషన్ జరిగినంతసేపూ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసిపెట్టే యంత్రాన్ని నడిపే మనిషిని పెర్ఫ్యూజనిస్ట్ అంటారు. పేపర్లో సర్జన్ ఫోటో వస్తుంది, ఆస్పత్రి ఫోటో వస్తుంది, ఒక్కోసారి ఆ యంత్రం ఫోటో కూడా వేస్తారు. దాని వెనక స్టూలు మీద కూర్చున్న మనిషిది మాత్రం రాదు. అలాంటి మనిషి పేరిట ఉపన్యాసం ఏర్పాటు చెయ్యాలని ఆయన శిష్యులకు తోచినందుకు సంతోషం. నన్ను మాట్లాడమన్నందుకు కాస్త భయం కూడా. నేను ఎక్కడైనా అంకె తప్పు చెబితే వెనక వరసలోంచి లేచి దిద్దే అలవాటు ఆయనకుండేది.

మేమిద్దరం కలిసి చేసిన పనుల్లో ఇద్దరికీ గొంతు తడారిపోయేది ఒక్కటే. అది బృహద్ధమని వంపు మీద ఆపరేషన్. మా భాషలో 'ఆర్చ్'. బైపాస్ ఆపరేషన్ రోజు మాస్టారు ఇడ్లీ తిని వచ్చేవారు. ఆర్చ్ రోజు టీ ఒక్కటే.

గుండెలోంచి బయల్దేరిన బృహద్ధమని కాస్త పైకి వెళ్లి, గొడుగు పిడిలా వంగి, వెన్నువైపు కిందికి దిగుతుంది. ఆ వంపు నెత్తి మీంచి మూడు కొమ్మలు లేస్తాయి. తలకూ చేతులకూ రక్తం వాటిలోంచే పోవాలి. ప్రకాశం బ్యారేజీ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఎగువన నిలిచిన నీళ్లు అక్కడే కాలువల్లోకి మళ్లుతాయి. కాలువ తల దగ్గర తలుపు పాడైతే నీళ్లు కట్టేసి మరమ్మతు చేస్తారు. పైరు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. మెదడు ఓర్చుకోదు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులున్న ఆ అవయవం మనం పీల్చే ప్రాణవాయువులో అయిదో వంతు వాడేసుకుంటుంది. నిల్వ పెట్టుకోవడం దానికి తెలియదు. మామూలు ఒంటి వేడిలో రక్తం ఆగితే పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. అయిదు నిమిషాలు దాటాక పోయేవాటిని తిరిగి తేలేం. గుండెను ఆపి పని చేసుకోవచ్చు, పంపు ఉంది కాబట్టి. ఆర్చ్‌ను విప్పాలంటే పంపునే ఆపాలి. చిక్కంతా అక్కడే.

విప్పాల్సిన అవసరం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, గోడ బలహీనపడి సైకిలు ట్యూబు బుడగ కట్టినట్టు ఉబ్బడం. అది ఏళ్లపాటు నొప్పీ గిప్పీ లేకుండా పెరుగుతుంది. ఒక్కోసారి గొంతు బొంగురుపోవడమే మొదటి లక్షణం, ఎందుకంటే స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం ఈ వంపు కిందుగా చుట్టి పైకి వెళుతుంది. గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి గుండె సర్జన్ దగ్గర తేలతాడు. రెండోది డిసెక్షన్. లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు జొరబడి, గోడను నిలువునా విడదీసుకుంటూ పోతుంది. 1760 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో జార్జి ఉదయాన్నే మరుగుదొడ్డిలో కూలిపోయి చనిపోతే, రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ శరీరాన్ని కోసి చూసి రాసిపెట్టిన వర్ణన ఈ జబ్బు గురించి మనకున్న తొలి వివరాల్లో ఒకటి. గుండెకు దగ్గరగా మొదలయ్యే డిసెక్షన్‌లో తొలి గంటల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని మేం చదువుకునే రోజుల్లో చెప్పేవారు. కొత్త లెక్కలు గంటకు సుమారు అర శాతం అంటున్నాయి. అంకె తగ్గినా అంబులెన్సులో కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు.

1957లో హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ, డెంటన్ కూలీల బృందం ఆర్చ్ మొత్తాన్ని తీసేసి, చనిపోయిన మనిషి ధమనిని అతికి రోగిని బతికించినట్టు ప్రకటించింది. పంపుతో మెదడు కొమ్మలకు విడివిడిగా రక్తం పంపుతూ చేశారు. అంటే ఇవాళ మేం అధునాతనమని చెప్పుకునే ఆలోచన మొదటి రోజే పుట్టింది. అమలులోనే తడబడ్డారు. గొట్టాలు ఎక్కువ, ఒత్తిడి ఎంతుండాలో తెలియదు, గాలిబుడగో కొవ్వు పలుకో మెదడుకెక్కితే పక్షవాతం. ఆ డెబేకీయే అంతకుముందు బట్టల దుకాణంలో డాక్రాన్ గుడ్డ కొనుక్కొచ్చి, ఇంట్లో భార్య కుట్టుమిషను మీద గొట్టాలు కుట్టినవాడు. ఇవాళ పెట్టెల్లో సీలు వేసి వచ్చే గ్రాఫ్టులకు తాతలవి. అంత ఖరీదు గ్రాఫ్టు పుట్టుక కుట్టుమిషను మీద జరిగిందని మాస్టారు ప్రతి కొత్త డాక్టరుకూ చెప్పి మురిసిపోయేవారు.

గొట్టాలతో వేగలేక మనుషులు చలి వైపు చూశారు. టొరంటోలో విల్ఫ్రెడ్ బిగెలో శీతాకాలమంతా బొరియలో నిద్రపోయే ఉడుతజాతి జంతువులను గమనించి, ఒంటిని చల్లబరిస్తే ప్రాణవాయువు అవసరం తగ్గుతుందని 1950 నాటికి చూపించారు. 1952 సెప్టెంబరు 2న మిన్నెసోటాలో జాన్ లూయిస్ అయిదేళ్ల పాపను అలా చల్లబరిచి గుండెలోని రంధ్రం మూశారు. పంపు లేదు, అయిదున్నర నిమిషాల గడువు. మరుసటి ఏడు గిబ్బన్ తయారుచేసిన గుండె-ఊపిరితిత్తుల పంపు వచ్చింది. పంపునూ చలినీ కలిపి ఒంటిని బాగా దిగువకు చల్లార్చి, అన్నీ ఆపేసి, ఖాళీ ధమనిలో రక్తపు చుక్క అడ్డం లేకుండా కుట్టుకునే పద్ధతి 1960లలో అక్కడక్కడా జరిగినా, దానికి ఒక దారి వేసింది స్టాన్‌ఫోర్డ్‌లో రాండల్ గ్రీప్. 1975లో ఆయన బృందం రాసిన వ్యాసంలో రోగులు నలుగురే. ముగ్గురు బతికారు. నలుగురి మీద రాసిన వ్యాసం ఇవాళ ఏ పత్రికా వేసుకోదేమో! ప్రపంచంలో ఆర్చ్ ఆపరేషన్ చేసే ప్రతి థియేటరూ ఆ నలుగురికి రుణపడి ఉంది.

అప్పట్నుంచి మా వృత్తిలోకి గడియారం ప్రవేశించింది.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. గంటసేపు చల్లబరుస్తాం. తల చుట్టూ ఐసు సంచులు పెడతాం. ఉష్ణోగ్రత పద్దెనిమిది డిగ్రీలకు దిగగానే సర్జన్ "పంపు ఆఫ్" అంటాడు. మాస్టారు "పంపు ఆఫ్" అని తిరిగి చెప్పి, గోడ గడియారం కాకుండా తన చేతి గడియారం చూసుకునేవారు. మానిటరు మీద గీతలన్నీ చదునుగా పడుకుంటాయి. గుండె లేదు, ఊపిరి లేదు, ఒత్తిడి లేదు. చట్టప్రకారం ఆ మనిషిని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. నేను కుడుతుంటాను. తల ఎత్తకుండా "ఎన్ని నిమిషాలైంది మాస్టారూ?" అంటాను. "పన్నెండు." మళ్లీ కాసేపటికి "పంతొమ్మిది." ఆయన గొంతులో తొందర ఉండేది కాదు. ఇరవై అయిదు దాటాక మాత్రం నేను అడక్కుండానే చెప్పేవారు.

ఆ ఇరవై అయిదుకు కారణముంది. 1999లో గ్రీప్ ఉన్న న్యూయార్క్ మౌంట్ సైనాయ్ బృందం, మనుషుల మెదడు ప్రాణవాయువు వాడకాన్ని నేరుగా కొలిచి, ఏ వేడిలో ఎంతసేపు ఆపవచ్చో ఒక లెక్క కట్టింది. మాస్టారు దాన్ని ఎక్కంలా అప్పజెప్పేవారు. ముప్పై ఏడు డిగ్రీల్లో 5 నిమిషాలు, ముప్పైలో 9, ఇరవై అయిదులో 14, ఇరవైలో 21, పదిహేనులో 31, పదిలో 45. ఎంత చల్లబరిచినా మెదడు పూర్తిగా నిద్రపోదు. పదిహేను డిగ్రీల్లో కూడా మామూలు వాడకంలో ఆరో వంతు నడుస్తూనే ఉంటుంది. ఇక హ్యూస్టన్‌లో స్వెన్సన్, క్రాఫోర్డ్ 656 మంది రోగులను లెక్కేసి 1993లో చెప్పింది: నలభై నిమిషాలు దాటితే పక్షవాతం పెరుగుతోంది, అరవై అయిదు దాటితే మరణాలు పెరుగుతున్నాయి. వాళ్లలో నూటికి ఏడుగురికి తాత్కాలికంగానో శాశ్వతంగానో పక్షవాతం వచ్చింది, నూటికి పదిమంది నెలలోపు పోయారు. ఆనాటికి అది గొప్ప ఫలితమే.

గడియారాన్ని పక్కకు నెట్టింది జపాన్ వాళ్లు. చల్లబరచడం మానకుండా, మెదడుకు మాత్రం రక్తం పంపుతూ ఉంటే? ఉయెదా బృందం 1990లో తలనుంచి వచ్చే సిరలోంచి వెనక్కి, ఎదురీతగా పంపింది. అది మెదడుకు పెట్టే తిండి కొంచెమే, అయితే చలిని నిలుపుతుంది, ధమనుల్లో చేరిన గాలినీ పలుకులనూ బయటికి కడుగుతుంది. తెరుహిసా కజూయీ సరైన దిక్కులోనే, ధమనుల్లోంచి, కిలో బరువుకు నిమిషానికి 10 మిల్లీలీటర్ల లెక్కన పంపుతూ ఆర్చ్ మార్చడాన్ని ఒక క్రమంగా తీర్చిదిద్దాడు. నాలుగు కొమ్మలున్న గ్రాఫ్టు ఆయన పేరుతోనే గుర్తుకొస్తుంది. 1957 నాటి ఆలోచనే మళ్లీ. ఈసారి ఒత్తిడి తెలుసు, చలి తోడుంది, నుదుటికి అంటించిన సెన్సారు మెదడులో ప్రాణవాయువు తగ్గితే చెబుతుంది. తర్వాత కుడి చంక దగ్గరి ధమనిలో గొట్టం పెట్టి ఒక వైపునుంచే మెదడంతటికీ రక్తం పంపడం మొదలైంది. అటునుంచి ఇటు రక్తం దాటాలంటే మెదడు అడుగున ధమనులన్నీ కలిసే వలయం బాగుండాలి. థామస్ విల్లిస్ 1664లో వర్ణించిన వలయం అది. పుస్తకంలో బొమ్మ గుండ్రంగా ఉంటుంది. మనుషుల్లో చాలామందికి ఎక్కడో ఒకచోట సన్నబడో తెగో ఉంటుంది. సెన్సారు ఎడమ గీత పడిపోగానే మాస్టారు "రెండోది కూడా పెట్టండి" అనేవారు. సలహాలా ఉండేది కాదు, ఆజ్ఞలాగే ఉండేది.

మెదడుకు రక్తం వెళుతున్నప్పుడు పద్దెనిమిది దాకా చల్లార్చాలా? ఇరవై నాలుగు చాలదా, ఇరవై ఎనిమిది చాలదా? ఇప్పుడు తగవంతా దీని మీదే. చలికి దాని ఖర్చు దానికుంది. చల్లబరచడానికో గంట, వేడెక్కించడానికి అంతకంటే ఎక్కువ, ఆపైన రక్తం గడ్డకట్టదు, కుట్టిన ప్రతి రంధ్రమూ కారుతుంది. తొందరపడి వేడెక్కిస్తే మెదడు అప్పుడే దెబ్బతింటుంది. మా కుర్ర సర్జన్లకు ఆపడం మీదున్న భయం వేడెక్కించడం మీద ఉండదు. ఉండాలి.

ఇన్ని పద్ధతుల్లో ఏది మేలు? జపాన్ జాతీయ రిజిస్ట్రీ 2009 నుంచి 2012 వరకు జరిగిన ఆర్చ్ మార్పిడుల్లో ఎమర్జెన్సీ డిసెక్షన్లను పక్కనపెట్టి 8 వేలకు పైగా కేసులు తీసుకుంది. ఒకే తీరు రోగులను జత చేసి చూస్తే, ధమనిలోంచి పంపినవాళ్లలో మరణాలు 3.2 శాతం, చలినీ ఎదురీతనూ నమ్ముకున్నవాళ్లలో 4.0. పక్షవాతం 6.7, 8.6. గణాంకశాస్త్రం దృష్టిలో తేడా లేదు. యేల్‌లో ఎలెఫ్టీరియాడిస్ బృందం మరీ మొండి. ఏ గొట్టమూ పెట్టకుండా వట్టి చలితోనే 394 మందికి చేసి, పక్షవాతం నూటికి అయిదుగురిలోపే అని 2007లో చూపించింది. అటుపక్క జర్మనీలో ఎమర్జెన్సీ డిసెక్షన్ రిజిస్ట్రీ, రెండు వేలకు పైగా రోగులు, నెలలోపు మరణాలు దాదాపు 17 శాతం. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే నా అభిప్రాయం ఇది. ఏ గొట్టం ఎక్కడ పెట్టామన్నది చిన్న తేడా. రోగి నడిచొచ్చాడా, స్ట్రెచర్ మీద వచ్చాడా అన్నది పెద్ద తేడా. ఆపరేషన్ చేసే బృందం ఈ పని నెలకోసారి చేస్తుందా, ఏడాదికోసారి చేస్తుందా అన్నది ఇంకో పెద్ద తేడా. నా కంటే ముందు మాస్టారికే ఇది తెలుసు. కొత్త పద్ధతి గురించి కాన్ఫరెన్సునుంచి ఉత్సాహంగా తిరిగొస్తే, "మనకు చేతనైనదే బాగా చేద్దాం సార్" అనేవారు.

ఏనుగు తొండం అనే పద్ధతి గురించి ఒక్క మాట. హనోవర్‌లో హాన్స్ బోర్స్ట్, ఆర్చ్ మారుస్తూ గ్రాఫ్టు కొసను కింది ధమనిలోకి తొండంలా వేలాడదీసే పద్ధతిని 1983లో ప్రకటించాడు. తర్వాతెప్పుడో కింది భాగం మార్చాల్సి వస్తే పట్టు దొరుకుతుందని. ఇప్పుడా తొండానికి లోపల లోహపు జాలీ పెట్టి బిగిస్తున్నారు. మంచిదే. వెన్నుపాముకు రక్తమిచ్చే చిన్న కొమ్మలు మూసుకుంటే మనిషి కాళ్లు పడిపోవచ్చని మాత్రం బంధువులకు ముందే చెప్పాలి, సంతకం కాగితంలో అచ్చయి ఉంది కదా అని వదిలెయ్యకూడదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

నా తొలి ఆర్చ్ కేసుల్లో ఒకాయన ఆర్టీసీ కండక్టరు. ఆర్చ్ ఉబ్బు. ముప్పై నాలుగు నిమిషాలు ఆపాం. రెండో రోజు లేచాడు, కాళ్లూ చేతులూ ఆడించాడు, కాస్త తికమకగా మాట్లాడాడు, అదీ నాలుగు రోజులకు పోయింది. నరాల లోపమేమీ లేదని డిశ్చార్జి కాగితంలో రాశాను. నా లెక్కలో అది విజయం. ఏ పత్రికకు పంపినా విజయమే. మూడు నెలలకు భార్యతో వచ్చాడు. గాయం మానింది, స్కాన్ బాగుంది. వెళ్తూ వెళ్తూ ఆవిడ తలుపు దగ్గర ఆగి, "చిల్లర లెక్క తప్పుతున్నాడు సార్. ఎవరికి ఎంత ఇవ్వాలో మర్చిపోతున్నాడు. స్టేజీల పేర్లు వరస తప్పుతున్నాయి" అంది. ఇరవై ఏళ్లు బస్సులో నిలబడి, అరవై మంది మధ్య ఎవరు టికెట్ తీసుకోలేదో కళ్లతోనే పసిగట్టిన మనిషి! డ్యూటీ మార్పించుకుని డిపోలో కూర్చున్నాడు. నేనేం చెప్పానో తెలుసా? "మెల్లగా సర్దుకుంటుందమ్మా" అన్నాను. అందుకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆ సాయంత్రం మాస్టారికి చెబితే, కేసుల నోటుబుక్కు తీసి ఆ పేరు పక్కన రాసుకున్నారు. అప్పట్నుంచి ఆర్చ్ రోగి లేచాక ఆయనే ఐసీయూకు వెళ్లేవారు. పెర్ఫ్యూజనిస్టుకు అక్కడ పనిలేదు. అయినా వెళ్లి, మనవళ్ల పేర్లు వరసగా చెప్పమనేవారు. చుట్టాల ఫోన్ నంబరు అడిగేవారు. ఊరికి ఏ బస్సెక్కాలో అడిగేవారు. నేను నవ్వేవాణ్ణి.

అది నవ్వాల్సిన విషయం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మౌంట్ సైనాయ్ వాళ్లే 1999లో ఇరవై అయిదు నిమిషాలూ ఆపైన ఆపినవాళ్లలో జ్ఞాపకం, వేళ్ల నేర్పు తగ్గుతున్నాయని పరీక్షలు పెట్టి చూపించారు. తాత్కాలిక తికమక అని మేం కొట్టిపారేసేది ఒక్కోసారి శాశ్వత నష్టానికి తొలి గుర్తని కూడా వాళ్లే అన్నారు. పక్షవాతం స్కానులో కనబడుతుంది. ఇది భార్యకు కనబడుతుంది. ఇటీవల అమెరికాలో 308 మంది ఆర్చ్ రోగులను చీటీ వేసి మూడు రకాల చలికి పంచిన అధ్యయనంలో, అందరికీ మెదడుకు రక్తం పంపుతూనే, చావూ పక్షవాతంతో ఆగకుండా ఆలోచనాశక్తినే ప్రధానంగా కొలిచారు. ఇరవై, ఇరవై నాలుగు మధ్య చలి మొత్తం మార్కుల్లో గాఢమైన చలికి తీసిపోలేదు. అయితే విన్న మాటలను గుర్తుంచుకోవడం గాఢమైన చలిలోనే మెరుగ్గా మిగిలింది. మేం పాతబడిపోయిందనుకున్న ఐసు సంచికి ఇంకా పనుందన్నమాట.

ఆర్చ్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం గ్రాఫులో లేదు. 2005 డిసెంబరు 31న, తొంభై ఏడేళ్ల డెబేకీకి ఇంట్లో ఛాతీలో నొప్పి వచ్చింది. ఏమిటో ఆయనకే తెలిసింది. డిసెక్షన్‌ను రకాలుగా విభజించినవాడు ఆయనే మరి, ఆ విభజన ఆయన పేరుతోనే నడుస్తోంది. వంపుకు ముందున్న భాగం చీలింది. ఆపరేషన్ వద్దన్నాడు. ఫిబ్రవరిలో స్పృహ తప్పాక ఆస్పత్రి నైతిక సంఘం తర్జనభర్జన పడుతుంటే ఆయన భార్య నేరుగా సమావేశంలోకి వెళ్లి, చెయ్యమని పట్టుబట్టింది. ఏళ్లపాటు తనతో పనిచేసిన జార్జి నూన్ కోశాడు. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి సెప్టెంబరులో ఇంటికెళ్లాడు. చేసినందుకు సంతోషమే అన్నాడు. 2008 జులైలో, నూరేళ్లకు రెండు నెలలు తక్కువగా, పోయాడు. ఆ రెండేళ్లలో ఆయన మళ్లీ పనికి వెళ్లాడు, మాట్లాడాడు, వాదించాడు. తొంభై ఏడేళ్ల ముసలాయన బతికినందుకు కాదు, ముసలాయన ఆ ముసలాయనగానే తిరిగొచ్చినందుకు నాకు ఆ కథ ఇష్టం.

మన దగ్గర ఇది కొలవడానికి ఏముంది అని మీరడగొచ్చు. ఉంది. కేంబ్రిడ్జిలో పుట్టిన అడెన్‌బ్రూక్స్ జ్ఞాపకశక్తి పరీక్షను హైదరాబాద్ నిమ్స్ నరాల విభాగంలో తెలుగుకు, మన పరిస్థితులకు తగ్గట్టు మలిచారు. దానితోనే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని, చదువురానివాళ్లలోనూ ఆ ఆలస్యం కనబడుతోందని 2013లో ప్రపంచానికి చెప్పింది. పనిముట్టు మన భాషలో, మన ఊళ్లోనే తయారై ఉంది. గుండె విభాగానికీ నరాల విభాగానికీ మధ్య ఒక్క వరండా దూరం. ఆ వరండా నేను నా ఉద్యోగకాలంలో దాటలేదు.

ఈ హాల్లో ఇప్పుడు ఆర్చ్ ఆపరేషన్లు చేస్తున్నవాళ్లు కనీసం అరడజను మంది కనబడుతున్నారు. మిమ్మల్ని అడుగుతున్నాను. ఆపరేషన్‌కు ముందు రోజు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి ఆ తెలుగు పరీక్ష పెట్టండి. పక్కన పంపు ఆపిన నిమిషాలు, ఉష్ణోగ్రత రాయండి. ఇంటివాళ్లు ఏమన్నారో ఒక్క వాక్యం రాయండి. మాస్టారి నోటుబుక్కులు వాళ్లబ్బాయి నాకిచ్చాడు. పదకొండున్నాయి, ఇవాళ వెంట తెచ్చాను. బయట బల్ల మీద ఉంటాయి, టీ తాగుతూ తిరగేసి చూడండి. ఆఖరి పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి.